సరిచూసినవారు

“సదరు స్థలానికి తూర్పున పన్నెండడుగుల బాట.”

“ఊఁ.”

“దక్షిణాన ఇటుకల వ్యాపారి ఇల్లు.”

“ఊఁ.”

“పడమరన కొన్నవారి సొంత గోడ.”

“ఊఁ.”

పొద్దున్న పదిన్నరకే ఇది మూడో దస్తావేజు. చదివే అమ్మాయి గొంతు ఇంకా తాజాగానే ఉంది. ఎదురుగా కూర్చుని ఊఁ కొట్టే మనిషి గొంతు మాత్రం ఎప్పుడో అలసిపోయింది. ముప్ఫై మూడేళ్ళుగా అది ఆ ఒక్క ముక్కే పలుకుతోంది మరి.

ఇల్లు గానీ స్థలం గానీ చేతులు మారితే, ఆ కాగితాన్ని ఈ రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఓ పెద్ద పుస్తకంలోకి పొల్లు పోకుండా ఎత్తి రాస్తారు. రాసింది సరిగా ఉందో లేదో చూడ్డానికి ఇద్దరు కూర్చుంటారు. ఒకరు అసలు కాగితం పైకి చదువుతారు. రెండోవారు పుస్తకంలో పంక్తి పంక్తీ చూసుకుంటూ ఊఁ అంటారు. ఊఁ అంటే ఉంది, ముందుకి పద అని. తేడా కనపడితే ‘లేదు’ అనాలి. అప్పుడు చదవడం ఆపి, పక్కనున్న ఖాళీలో దిద్దుబాటు రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టి మళ్ళీ మొదలుపెడతారు. అంతా అయ్యాక చివర ‘చదివినవారు’ అన్నచోట ఒకరు, ‘సరిచూసినవారు’ అన్నచోట ఒకరు సంతకం చేస్తారు. కంప్యూటర్లు వచ్చేస్తున్నాయని పదేళ్ళుగా అంటున్నారు. వాటి కోసం చేయించిన బల్ల మీద ప్రస్తుతం టీ గ్లాసులు పెట్టుకుంటున్నారు.

ఆయన అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. పెద్దా చిన్నా అందరికీ ఆయన ‘ఊఁ గారు’. మనిషిని చూస్తే గుర్తుపెట్టుకోవడానికి పెద్దగా ఏమీ దొరకదు. పుస్తకం మీదికి వంగీ వంగీ ఎడమ భుజం రెండు వేళ్ళు కిందికి దిగిపోయింది. కళ్ళజోడు ఒక చెవి దగ్గర దారంతో కట్టి ఉంటుంది. చేతిలో ఓ అడుగు పొడుగు చెక్కబద్ద. ఉద్యోగంలో చేరిన రోజు ఇచ్చింది. అంగుళాల గీతలన్నీ ఎప్పుడో చెరిగిపోయాయి కాబట్టి కొలవడానికి పనికిరాదు, చదివే పంక్తి కింద పెట్టుకుని జరుపుకోవడానికే పనికొస్తుంది. ఉద్యోగం ఇంకా పంతొమ్మిది రోజులు.

ఆ ఊఁ ఆఫీసుతో ఆగేదైతే బాగానే ఉండేది. పొద్దున్న బయల్దేరుతుంటే, చొక్కా చేతి బొత్తాం వేలాడుతోందని ఆయన భార్య చెప్పింది. ఊఁ అన్నాడు. రాత్రంతా ఛాతీ రుద్దుకుంటూనే ఉన్నారు, సాయంత్రం డాక్టరు దగ్గరికి వెళ్దాం, త్వరగా వచ్చెయ్యండి అంది. ఊఁ అన్నాడు. ఆవిడకి అనుమానం వచ్చింది.

“పెరట్లో ఏనుగుని కట్టేశాను. కాసిని నీళ్ళు పెట్టి వెళ్ళండి.”

“ఊఁ.”

“ఇదిగో చూడండి, వింటున్నారా, ఊఁ కొడుతున్నారా?”

ఆయన అప్పుడు తలెత్తి, ఏం తప్పు జరిగిందో తెలియక నవ్వాడు. ఆవిడ నెత్తి కొట్టుకుని డబ్బా చేతిలో పెట్టింది.

పదకొండున్నరకి కిటికీ అవతల ఓ ముసలావిడ వచ్చి నిలబడింది. బక్కపలచటి మనిషి. కుడిచేతి మధ్యవేలికి దర్జీలు పెట్టుకునే ఇత్తడి తొడుగు అలాగే ఉంది, తియ్యడం మర్చిపోయినట్టుంది. దర్జీ దుకాణాలకి చొక్కాల కాజాలు కుట్టిపెట్టి బతుకుతుందట. చుట్టుపక్కల అందరూ కాజాల పెద్దమ్మ అంటారట. అడక్కుండానే అదంతా చెప్పింది.

“మా తమ్ముడింటి కాగితం మీ పుస్తకంలో చూడాలి బాబూ. మా మేనల్లుడు రేపు పొద్దున్నే ఇక్కడికొచ్చి ఇల్లు అమ్మేస్తున్నాడు. నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమన్నాడు.”

“ఏ గది?”

“వెనక గది. నేనుండేది. బతికున్నంత కాలం నాదేనని తమ్ముడు పోయేముందు కాగితంలో రాయించాడు. వాడేమో అలాంటి ముక్కే లేదంటాడు. అసలు కాగితం ఎక్కడో పోయిందిట. మీ దగ్గర నకలు తీసుకొచ్చి నా మొహాన పెట్టాడు. నాకు చదువు రాదుగా, పక్కింటి పిల్లచేత చదివించాను. అందులో నా ఊసే లేదు. ఇదేం అన్యాయం బాబూ?”

ఆయన రోజూ ఇలాంటివి వింటూనే ఉంటాడు. ఏ సంవత్సరమో అడిగి లోపలి గదికి వెళ్ళాడు. ఇరవై రెండేళ్ళ కిందటి పుస్తకం అడుగు అరలో ఉంది. దాన్ని రెండు చేతులా ఎత్తుకుని కిటికీ దాకా వచ్చేలోపు రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. పేజీ తీసి, బద్ద పెట్టి, మొదటినుంచి చివరిదాకా చూశాడు. తండ్రి తన ఇంటిని కొడుకు పేర రాసిచ్చాడు. వెనక గది లేదు, అక్క లేదు.

“లేదమ్మా. పుస్తకంలో లేకపోతే మేమేం చెయ్యలేం. కోర్టుకి వెళ్ళాలి.”

ఇది ఆయన కొన్ని వందలసార్లు చెప్పిన మాట. చెప్పి పుస్తకం మూయబోతుంటే ఆవిడ కళ్ళు మూసుకుంది.

“సదరు ఇంటి వెనుక గదియందు నా అక్క తన జీవితకాలమంతయు నివసించుటకును, కుళాయి వాడుకొనుటకును సంపూర్ణ హక్కు కలిగియుండును. ఇందుకు నా కుమారుడు గాని, అతని వద్ద కొన్నవారు గాని అడ్డు చెప్పరాదు.” గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పి కళ్ళు తెరిచింది. “తమ్ముడు మూడుసార్లు చదివి వినిపించాడు బాబూ. అప్పటినుంచి కాజాలు కుడుతూ రోజుకోసారి చెప్పుకుంటాను. మర్చిపోతే గది పోతుందేమోనని భయం.”

కిటికీ ఇవతల ఆయన చెయ్యి పుస్తకం మీద ఆగిపోయింది. చదువు రాని మనిషి ‘కలిగియుండును’ అని కల్పించి చెప్పదు. ఆయన మళ్ళీ పేజీలోకి చూశాడు. రెండో పేజీ మధ్యలో ఓ పంక్తి ‘సదరు ఇంటి పన్నులు ఇకపై నా కుమారుడే’ అని మొదలవుతోంది. ఆవిడ చెప్పిందీ ‘సదరు ఇంటి’ అనే మొదలైంది. ఎత్తి రాసేవాళ్ళ కళ్ళు సరిగ్గా ఇలాంటిచోటే జారతాయి. ఒక సదరు దగ్గర కలం ఎత్తి తలెత్తి చూస్తే, చూపు కింది సదరు మీద వాలుతుంది, మధ్యలోది మాయమవుతుంది. అలా మాయమైనవాటిని పట్టుకోవడానికే చదివేవాళ్ళూ సరిచూసేవాళ్ళూ ఉన్నది.

ఆయన చూపు ఎదుటి పేజీ అడుక్కి పోయింది. చివర రెండు సంతకాలు. చదివినవారు, ఎప్పుడో పోయిన పెద్దాయన. సరిచూసినవారు, తనే. అప్పట్లో సంతకానికి కింద పొడుగాటి తోక ఒకటి తీసేవాడు. ఆ తోక ఇప్పుడు తనని వెక్కిరిస్తున్నట్టు అనిపించింది.

ఆ తేదీన ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోవాలని చాలా అవస్థ పడ్డాడు. కూతురికి జ్వరమా? కాదు, అది వానాకాలంలో. తల్లి పోయిన ఏడాదా? ఆవిడ అప్పటికి నాలుగేళ్ళ ముందే పోయింది. ఏదో ఒక కష్టం, ఒక దిగులు, కనీసం ఒక తలనొప్పి దొరికితే బాగుండేది. ఏమీ దొరకలేదు. అది ఒట్టి మామూలు రోజు. పెద్దాయన చదివాడు, చేతిలో బద్ద కదిలింది, కళ్ళు కదల్లేదు, నోరు ఊఁ అంది. అంతకుమించి ఏ సాకూ లేదు.

“ఏమైంది బాబూ?”

“కూర్చోండమ్మా. ఇలా లోపలికొచ్చి బల్ల మీద కూర్చోండి.”

ఆయన కిటికీ దగ్గరికొచ్చినవాళ్ళని లోపలికి పిలవడం చదివే అమ్మాయి నాలుగేళ్ళలో ఎప్పుడూ చూడలేదు. ఈ చోద్యమేమిటని తలెత్తింది.

మధ్యాహ్నం డబ్బా మూత తియ్యకుండానే ఆయన ఆ అమ్మాయికి జరిగింది చెప్పాడు. ఆ అమ్మాయి ఆయన్ని బాబాయిగారూ అంటుంది, కొంచెం చనువు కూడా.

“పోనిద్దురూ బాబాయిగారూ. మీరు చూసిన లక్ష పంక్తుల్లో ఒక్క పంక్తేగా!”

“ఒక్క పంక్తే తల్లీ. ఆవిడకున్నదీ ఒక్క గదే.”

ఆ అమ్మాయి తన డబ్బాకి కూడా మూత పెట్టేసింది.

రిజిస్ట్రారు చెడ్డవాడేం కాదు, నలభై ఏళ్ళకే జుట్టు నెరిసిన మనిషి. అంతా విని పేపర్‌వెయిట్ గుండ్రంగా తిప్పుతూ కూర్చున్నాడు.

“ఇంకెన్నాళ్ళుంది మీకు?”

“పంతొమ్మిది రోజులండీ.”

“కళ్ళు మూసుకుంటే గడిచిపోతాయి కదండీ! మీ తప్పని మీరే రాసిస్తే విచారణ వేస్తారు. పింఛను కాగితాలు ఆగిపోతాయి. మూడేళ్ళు ఈ గుమ్మం చుట్టూ తిరగాలి. ఆవిణ్ణి కోర్టుకి వెళ్ళమనండి.”

“ఆవిడకి డెబ్భై దాటాయండీ. కోర్టు తేల్చేలోపు ఆవిడ ఉండదు.” “అప్పుడు కళ్ళు మూసుకున్నది చాలండీ,” అన్నాడు.

ముప్ఫై మూడేళ్ళలో ఆ మనిషి పై అధికారికి ఎదురు చెప్పడం అదే మొదలు. రిజిస్ట్రారు పేపర్‌వెయిట్ తిప్పడం ఆపాడు.

“మీ నోటిమాట మీద పుస్తకం దిద్దలేనండీ. అసలు కాగితమన్నా ఉండాలి, దాని జంట ప్రతి అన్నా ఉండాలి. దొరికితే మొదటినుంచి చివరిదాకా మళ్ళీ చదివి సరిచూడండి, నేను సంతకం పెడతాను. రేపు పదింటికి అమ్మకం. ఏం చేసినా ఇవాళే.”

ఆ రోజుల్లో ప్రతి దస్తావేజుకీ జంటగా ఇంకో ప్రతి రాయించి, పేజీ పేజీకీ సంతకాలతో ఆఫీసులో ఇచ్చేవారు. అవన్నీ సంవత్సరాలవారీగా గుడ్డల్లో మూటలు కట్టి పైన అటకగదిలో పడేశారు. వాటిని తగలబెట్టమని ఉత్తర్వు వచ్చి ఎనిమిదేళ్ళయింది. ఇరవై ఆరు మెట్లెక్కి తగలబెట్టే ఓపిక ఎవరికీ లేక అవి ఇంకా బతికే ఉన్నాయి. సర్కారు బద్ధకం కూడా ఒక్కోసారి మనుషుల్ని కాపాడుతుంది.

ఆయన మెట్ల దగ్గరికి వెళ్తుంటే కాజాల పెద్దమ్మ ఆపింది.

“ఆ చేతి బొత్తాం ఊడిపోయేట్టుంది బాబూ. ఇలా చాపండి.”

సంచీలోంచి సూదీ దారం తీసి, నిలబడ్డ మనిషిని నిలబడ్డట్టే ఉంచి కుట్టేసింది. చొక్కా తెల్లది, దారం నీలంది. తెల్లదారం అయిపోయింది, ఏమనుకోకండి అంది. ఆయనకి ఆవిడ మొహంలోకి చూడ్డం చేతకాలేదు. మీ గది పోవడానికి కారణం నేనేనమ్మా అని అప్పుడే చెప్పేయాలనిపించింది. నోట్లోంచి మాత్రం ఊఁ అనే వచ్చింది.

పదమూడో మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఎడమ భుజం నుంచి మోచేతి దాకా ఏదో బరువుగా లాగుతోంది. వంగి కూర్చునే భుజం కదా, దానికది మామూలే అనుకున్నాడు. ఊపిరి సర్దుకున్నాక మిగతా పదమూడూ ఎక్కాడు. అటకగదిలో మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో మూటా విప్పాడు. ధూళి ముక్కులో పోయి కళ్ళవెంట నీళ్ళు కారాయి. చదివే అమ్మాయి కూడా పైకి వచ్చి, వద్దు దిగండి బాబాయిగారూ, నేను వెతుకుతానంది. నీకు ఆ చేతిరాతలు తెలియవు తల్లీ అన్నాడు. తెలియకేం, ఆ అమ్మాయికి బాగానే తెలుసు. ఇది తను తప్ప ఇంకెవరూ చెయ్యకూడని పని అని ఆయనకి అనిపించింది, అంతే.

నాలుగింటికి దొరికింది. అంచులు పురుగు తిన్నాయి గానీ అక్షరాలు చెక్కుచెదరలేదు. రెండో పేజీ మధ్యలో, ఆవిడ అప్పజెప్పినట్టే, ఒక్క మాట అటూ ఇటూ కాకుండా ఉంది.

కిందికి వచ్చి చొక్కా దులుపుకుని, తన రాతబల్ల ముందు కూర్చుని, పుస్తకం తెరిచి మొదటి పంక్తి కింద బద్ద పెట్టాడు. మొహం పాలిపోయి ఉంది. నుదుటి మీద చెమట. నీళ్ళు తాగండి అంటే తరవాత అన్నాడు. కాజాల పెద్దమ్మ బల్ల మీంచి లేచి నిలబడబోయి, నిలబడాలో కూర్చోవాలో తెలియక మళ్ళీ కూర్చుంది. అమ్మాయి చదవడం మొదలుపెట్టింది.

“నా ఏకైక కుమారునికి ప్రేమతో వ్రాసి యిచ్చిన దస్తావేజు.”

“ఊఁ.”

మొదటి పేజీ అయింది. ఆయన ప్రతి అక్షరాన్నీ కళ్ళతో తాకి మరీ ఊఁ అంటున్నాడు. ఎప్పుడూ గడగడా చదివే అమ్మాయి కూడా నెమ్మదిగా చదివింది.

“సదరు ఇంటి వెనుక గదియందు నా అక్క తన జీవితకాలమంతయు నివసించుటకును...”

బద్ద ఆగింది.

“లేదు,” అన్నాడాయన.

ఇరవై రెండేళ్ళ కిందట అనాల్సిన మాట. అప్పుడు అనుంటే అర నిమిషం పట్టేది. ఆయన కలం తీసి, పక్కన ఖాళీలో ఆ మొత్తం వాక్యాన్ని తన చేత్తో రాశాడు. కింద ‘ఈ పంక్తి జంట ప్రతిలో ఉన్నది, నేను సరిగా చూడక విడిచితిని’ అని రాసి సంతకం పెట్టాడు. అమ్మాయి పెట్టింది. రిజిస్ట్రారు వచ్చి చదువుకుని, ఆ ‘విడిచితిని’ దగ్గర ఒక్క క్షణం ఆగి, తనూ సంతకం పెట్టి వెళ్ళాడు.

అప్పుడు ఆయన ఆవిడ కూర్చున్న బల్ల వైపు తిరిగాడు.

“పెద్దమ్మా, ఆ రోజు సరిచూసింది నేనే. మీ ముక్క చదివినప్పుడు చూడకుండా ఊఁ అనేశాను.”

ఆవిడ చాలాసేపు ఆయన్నే చూసింది. కోపం వచ్చిందో లేదో మొహంలో తెలియలేదు.

“ఇప్పుడు ఉందా?” అంది చివరికి.

“ఉంది.”

“అయితే మిగతాది కూడా చూసెయ్యి నాయనా. చీకటి పడకముందే ఇంటికెళ్ళాలి.”

ఆయన నవ్వాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని బద్ద జరిపాడు. ఇంకో పేజీ ఉంది. పన్నులు, వారసులు, సాక్షులు. ఊఁ, ఊఁ, ఊఁ. గొంతు సన్నబడుతోంది. అమ్మాయి తలవంచుకుని చదువుతోంది, పురుగు తిన్న అంచుల్లో అక్షరాలు వెతుక్కుంటూ.

“తూర్పున వీధి.”

“ఊఁ.”

“దక్షిణాన వడ్రంగి ఇల్లు.”

“ఊఁ.” అది వినపడీ వినపడనట్టు ఉంది.

“పడమరన మురుగు కాలువ.”

బద్ద జరిగిన చప్పుడు వినపడింది. ఊఁ రాలేదు. అమ్మాయి వేలు పంక్తి మీదే ఉంచి ఆగింది. అప్పుడు బల్ల మీంచి కాజాల పెద్దమ్మ, పాపం ఆయన బాగా అలిసిపోయినట్టున్నాడనుకుని, తనే “ఊఁ, చదువమ్మా,” అంది.

“ఉత్తరాన...” అని అమ్మాయి తలెత్తింది.

ఆయన పుస్తకం మీదికి వంగే ఉన్నాడు, రోజూ వంగినట్టే. కళ్ళజోడు ముక్కు మీంచి జారి పేజీ మీద పడి ఉంది.

ఆ సాయంత్రం ఇంటి గుమ్మంలో చదివే అమ్మాయి చెప్పాల్సింది చెప్పలేక నిలబడి ఉంటే, ఆయన భార్య “పొద్దున్న త్వరగా వస్తానని ఊఁ అన్నారమ్మా,” అంది. తరవాత, ఆయన్ని తీసుకొచ్చి పడుకోబెట్టాక, చెయ్యి పట్టుకుని కూర్చున్న ఆవిడకి తెల్లచొక్కా మీద నీలం దారంతో గట్టిగా కుట్టిన బొత్తాం కనపడింది. విన్నారన్నమాట, విన్నారు అంటూ ఆ బొత్తాం మీద తల ఆనించి ఏడ్చింది.

మర్నాడు పదింటికి మేనల్లుడు కొనేవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. పక్కన రాసిన దిద్దుబాటు చూసి మొహం ఎర్రబడింది. అప్పటికే వచ్చి కూర్చున్న అత్తని చూడకుండా రిజిస్ట్రారుతో మాట్లాడాడు.

“మధ్యలో పోయాడుగా ఆయన! మొత్తం సరిచూసినట్టు చివర సంతకం ఉండాలా వద్దా? సంతకం లేకపోతే ఇది చెల్లుతుందా?”

రిజిస్ట్రారు పుస్తకం మీదికి వంగి, జంట ప్రతి పక్కన పెట్టుకుని, మిగిలిన రెండు పంక్తులూ వేలు పెట్టి తనే చూసుకున్నాడు. తప్పుల్లేవు. తరవాత సంతకం మాటేమిటన్నట్టు చదివే అమ్మాయి వైపు చూశాడు. రాత్రంతా ఏడ్చిన ఆ అమ్మాయి కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“ఉందండీ,” అంది. పేజీ అడుగున, పొడుగాటి తోక ఉన్న సంతకం మీద వేలు పెట్టి చూపించింది. “ఇరవై రెండేళ్ళ కిందటే పెట్టారు.”

రిజిస్ట్రారు తలాడించి, నకలు ఇచ్చెయ్యమన్నాడు. కొనేవాడు ఆలోచించుకుని చెప్తానని కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. అతని వెనకే మేనల్లుడూ వెళ్ళిపోయాడు. కాజాల పెద్దమ్మ నకలు చేతిలోకి తీసుకుని, తన ముక్క ఎక్కడుందో చూపించమని అడిగి, ఆ చోటు ఇత్తడి తొడుగు ఉన్న వేలితో ఓసారి తడిమింది. పోతూ పోతూ ఆయన కుర్చీ దగ్గర ఆగింది. దాని మీద ఓసారి చెయ్యి వేసి వెళ్ళింది.

అమ్మాయి పుస్తకం మూయబోయి ఆగిపోయింది. రిజిస్ట్రారు కూడా దాన్ని కదపకుండానే చూసుకున్నట్టున్నాడు. ‘పడమరన’ అన్న పంక్తి కింద, గీతలన్నీ చెరిగిపోయిన ఆ చెక్కబద్ద నిన్న పెట్టినచోటే తిన్నగా ఉంది.